వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను కట్టేస్తే, కొడితే, పట్టించుకోకపోతే: ఏ కాయితం ఏ ఆఫీసుకు?

ములుగురోడ్డు
అందరికీ నమస్తే. హన్మకొండ శివారులో నెలనెలా డబ్బులు కట్టించుకుని నడిపే ఒక వృద్ధాశ్రమం. పేరు ఇక్కడ వద్దు. అందులో 78 ఏళ్ల పెద్దమ్మ ఉన్నది, పక్షవాతంతో ఎడమ పక్క పనిచేయదు. కొడుకు దుబాయ్ నుంచి నెలకు 16 వేలు పంపుతున్నడు. నడుము కింద పెద్ద పుండు పడ్డది, రెండు మణికట్ల మీద కట్టేసిన గుర్తులు ఉన్నయి. ఫ్యామిలీ పింఛను ఏటీఎం కార్డు మేనేజర్ దగ్గరే ఉన్నది. అడిగితే "చేర్పించినప్పుడు సంతకం పెట్టిన్రు, ఏం జరిగినా మా బాధ్యత లేదు" అంటున్నరు. సీనియర్ సిటిజన్ చట్టం కింద ఆర్డీవో దగ్గర కేసు వేస్తే సరిపోతదా?

ఓరుగల్లు_వకీలు
సరిపోదు. చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రధానంగా పిల్లల మీద, ఆస్తి అనుభవించే వారసుల మీద పనిచేసే చట్టం. పోషణ ఖర్చు ఇప్పించడం, రాసిచ్చిన ఆస్తి వెనక్కి తెప్పించడం దాని పని. ఆశ్రమం వాళ్లు కొట్టారు, కట్టేశారు, తిండి పెట్టలేదు అంటే ఆర్డీవో ట్రిబ్యునల్ వాళ్లకు శిక్ష వేయలేదు. ప్రైవేటు ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేద్దామని 2019లో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

ఆ చట్టంలో ఆశ్రమానికి తగిలే సెక్షన్ ఒకటుంది, 24. పెద్దవాళ్ల సంరక్షణ బాధ్యత ఉన్నవారు ఎవరైనా సరే, పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా వదిలేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 'ఎవరైనా' అంటే కొడుకే కానక్కర్లేదు. ఫీజు ఆగిపోయిందని ఆటోలో ఎక్కించి కాజీపేట స్టేషన్‌లోనో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి గేటు దగ్గరో దించి పోయే ఆశ్రమానికీ ఇదే సెక్షన్. సెక్షన్ 25 ప్రకారం పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు, కాని బెయిలు వచ్చే నేరం.

మీ విషయంలో కాయితాలు మూడు కావాలి. పోలీసు స్టేషన్‌కు ఒకటి, అది కట్టేయడం, గాయం, కార్డు గురించి. కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే జిల్లా అధికారికి ఒకటి, తనిఖీ కోసం. వినియోగదారుల కమిషన్‌కు మూడోది, కట్టిన డబ్బుకు సేవ అందనందుకు. మూడింట్లో ఒకే మాటలు రాసి జిరాక్స్ తీసి పంచకండి. ఏ ఆఫీసుకు దాని చేతిలో ఉన్న పనే అడగాలి.

కాకతీయ_నర్స్
కాయితాలకన్నా ముందు మనిషిని దవాఖానకు తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేసి ఎంజీఎం క్యాజువాలిటీకి. అక్కడ "ఎమ్మెల్సీ రాయండి" అని నోరు తెరిచి అడగాలి. ఎమ్మెల్సీ అంటే పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టరు రాసే గాయాల రికార్డు. అడగకపోతే మామూలు ఓపీ చీటీ మీద "బెడ్‌సోర్, డ్రెస్సింగ్" అని రాసి పంపేస్తారు, తర్వాత ఆ చీటీ కోర్టులో పెద్దగా పనికిరాదు. ఎమ్మెల్సీ నంబరు, రాసిన డాక్టరు పేరు, సమయం మీ దగ్గర రాసిపెట్టుకోండి.

పుండుకు పసుపో పౌడరో పెట్టకముందే ఫొటో తీయండి. మొదట ముఖం కనిపించేలా ఒకటి, తర్వాత ఒళ్లు మొత్తం, ఆ తర్వాత పుండు దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. స్కేలు లేకపోతే రూపాయి బిళ్ల. నడుము కింద తోక ఎముక, రెండు మడమలు, తుంటి, చెవి వెనక, ఇవన్నీ చూడాలి. మంచంలో ఉన్న మనిషిని 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే మొదట ఎర్రబడి, నొక్కితే కూడా ఆ ఎరుపు పోదు. అది మొదటి దశ. చర్మం లేస్తే రెండు. లోపలి కొవ్వు కనిపిస్తే మూడు. కండ, ఎముక కనిపిస్తే నాలుగు. మూడో దశ ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. కాబట్టి డాక్టరు చేత దశ రాయించండి. "పుండు ఉంది" అంటే ఎవరూ కదలరు, "మూడో దశ, వాసన, చీము" అంటే ఎన్నాళ్లుగా వదిలేశారో ఆ మాటే చెప్తుంది.

బరువు తూచమనండి. చేరినప్పటి బరువు ఆశ్రమం ఫారంలో ఉంటే పోల్చుకోవచ్చు. రక్తంలో సోడియం, క్రియాటినిన్, అల్బుమిన్, షుగరు ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) చేయించండి. నీళ్లు సరిగా ఇవ్వలేదా, తిండి లేదా, ఇన్సులిన్ ఆపేశారా అన్నది వీటిలో కొంత బయటపడుతుంది. ఇంకోటి, మనిషి ఎప్పుడు చూసినా మత్తుగా ఉంటే మాత్రల షీట్లు అడగండి. చీటీ లేకుండా లోరాజెపామ్, క్వెటియాపిన్ లాంటివి వేసి పడుకోబెడుతుంటే అది కూడా ఎమ్మెల్సీలోకి రావాలి.

ఒక జాగ్రత్త. కనిపించిన ప్రతి నీలం మచ్చా దెబ్బ కాదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ముంజేతుల పైభాగంలో చిన్న తాకిడికే ఊదారంగు మచ్చలు వస్తాయి, నొప్పి ఉండదు. అనుమానించాల్సినవి వేరే: చేతుల లోపలి వైపు వేలిగుర్తులు, తొడలు, చెవులు, రెండు మణికట్ల మీద ఒకే ఎత్తున పట్టీలా ఉన్న గీత. మీరు చెప్పింది ఈ చివరిదే. అన్నీ కలిపి కొట్టారు అని రాస్తే, ఒక్క మచ్చ మందు వల్ల వచ్చిందని తేలినా మిగతావన్నీ అబద్ధం అనేస్తారు.

ఠాణా_పాతకాపు
నర్సు మేడం చెప్పిన వరుసే సరి. ఇగ ఫిర్యాదు గురించి. స్టేషన్‌కు వచ్చే కాయితాలల్ల పదిట్ల తొమ్మిది ఇట్లుంటయి: "మా పెద్దమ్మను సరిగ చూసుకుంటలేరు, తగు చర్య తీసుకోగలరు." దీంట్ల నేరం యాడున్నది? రైటరు దీన్ని చూసి ఆశ్రమపోళ్లను పిలిచి నాలుగు మాటలు చెప్పి పంపిస్తడు, అంతే.

గిట్ల రాయాలె: "ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు ఫలానా ఆశ్రమం మొదటి అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఆమె రెండు చేతులు చీర పీలికలతో మంచం కమ్మీలకు కట్టి ఉండగా మేము చూసినాము. డ్యూటీలో ఉన్న ఆయా, రాత్రి నుండి కట్టినం, లేస్తే పడతదని అన్నది. నీళ్లు అడిగితే పక్క తడుపుతదని ఇస్తలేరని పెద్దమ్మ మాతో చెప్పినది. ఆమె పక్షవాతం వల్ల వికలాంగురాలు, సదరం (వైకల్య శాతం) సర్టిఫికెట్ జతపరిచినాము. ఆమె ఏటీఎం కార్డు మేనేజర్ వద్ద ఉన్నది. ఎంజీఎం ఎమ్మెల్సీ నంబరు ఇది." ఎవరు, ఎప్పుడు, యాడ, ఎట్ల, ఎవరు చూసిన్రు. విశేషణాలు వద్దు. "అమానుషంగా, కిరాతకంగా" అని రాస్తే కేసు బలం గాదు.

ఎందుకు గిట్ల అంటే, ఉత్త దెబ్బలు అంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాలు, శిక్షల చట్టం) 115(2), దానికి పోలీసులు కోర్టు అనుమతి లేకుండ దర్యాప్తు చేయలేరు. ఎన్‌సీ (పోలీసులు నేరుగ కేసు కట్టరాని నేరం) అని రాసి ఇంటికి పంపుతరు. అక్రమంగ నిర్బంధిస్తే 127(2), ఏడాది దాక శిక్ష, నేరుగ ఎఫ్‌ఐఆర్ అయితది. 3 రోజులు, అంతకన్న ఎక్కువ నిర్బంధిస్తే 127(3), 3 ఏళ్ల దాక. 10 రోజులు, అంతకన్న ఎక్కువ అయితే 127(4), 5 ఏళ్ల దాక. అందుకే "ఎన్ని రోజుల సంది" అనేది ఫిర్యాదుల తప్పక రావాలె. ఎముక ఇరిగితే 117(2), 7 ఏళ్ల దాక.

జమ్మికుంట_సంఘం
పోలీసుల దగ్గరికి పోతే రాజీ చేసి పంపుడే అన్నా. సోమవారం ప్రజావాణిల కలెక్టరుకు ఇస్తే జల్ది పని అయితది. మా దిక్కు అందరం గట్లనే చేస్తం.

ఠాణా_పాతకాపు
ప్రజావాణి దరఖాస్తు మంచిదే, రసీదు నంబరు వస్తది, కింది ఆఫీసరు జవాబు చెప్పుకోవాలె. కాని అది ఎఫ్‌ఐఆర్ కాదు. కలెక్టరాఫీసు నుంచి కిందికి దిగి మళ్లా అదే ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) టేబుల్ మీదికి వస్తది. ఈ లోపల సీసీ కెమెరా రికార్డు మీద రికార్డు పడి పాతది పోతది.

ఎస్‌హెచ్‌ఓ తీసుకోకపోతే రూటు ఇది. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 173(4) కింద అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టుల పై అధికారికి పంపాలె. హన్మకొండ, వరంగల్, జనగామ మూడు జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికే వస్తయి, అంటే పోలీస్ కమిషనర్‌కు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అయితే ఆ జిల్లా ఎస్పీకి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గర 175(3) కింద అర్జీ. పోస్టు రసీదు, అందినట్టు రుజువు లేకుంటె అక్కడ అర్జీ నిలబడదు, పారెయ్యకున్రి. "ముందు విచారణ చేస్తం" అంటే, 3 నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితోటి, అదీ 14 రోజుల లోపలే చేయాలె. నెలల తరబడి విచారణ అనేది చట్టంల లేదు.

ఇంకోటి, వాంగ్మూలం కోసం ఆమెను స్టేషన్‌కు రమ్మనొద్దు. ఆడవాళ్లు, 60 దాటినోళ్లు, జబ్బు మనుషులు ఉన్న కాడికే పోలీసులు పోవాలె, బీఎన్‌ఎస్‌ఎస్ 179ల స్పష్టంగ ఉన్నది. ఎఫ్‌ఐఆర్ కాపీ పైసలు లేకుండ ఇయ్యాలె.

ఓరుగల్లు_వకీలు
ఠాణా సార్ ఫిర్యాదులో "వికలాంగురాలు, సదరం జతపరిచినాము" అన్న వాక్యం ఉంది చూశారా? దానికి చాలా బలం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 92. వికలాంగులను అవమానపరచాలని వాళ్ల మీద చేయి చేసుకున్నా, అందరి ముందు కావాలని అవమానించినా, తన ఆధీనంలో ఉన్న వికలాంగులకు తెలిసి తెలిసి తిండి గాని నీళ్లు గాని ఇవ్వకపోయినా 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. "పక్క తడుపుతదని నీళ్లు ఇస్తలేరు" అన్న పెద్దమ్మ మాట సరిగ్గా ఇక్కడ కూర్చుంటుంది. డైపర్లు మార్చే బాధ తప్పించుకోవడానికి సాయంత్రం 5 తర్వాత నీళ్లు బంద్ చేసే ఆశ్రమాలు ఉన్నాయి. వాళ్లకు అది నేరం అని కూడా తోచదు.

పక్షవాతం, చూపు పోవడం, వినపడకపోవడం, మతిమరుపు జబ్బు, ఇలా మంచాన పడ్డ పెద్దవాళ్లలో చాలామంది ఈ చట్టం పరిధిలోకి వస్తారు. సదరం లేకపోతే ఆసుపత్రి రికార్డు జతచేసి ఫిర్యాదు ఇవ్వండి, సర్టిఫికెట్ కోసం ఆగకండి. అదే చట్టం సెక్షన్ 7 కింద ఆర్డీవోకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో అర్జీ పెట్టవచ్చు, ఆమెను అక్కడి నుంచి బయటికి తెచ్చి భద్రమైన చోట ఉంచమని. ములుగురోడ్డు గారు ఆర్డీవో దగ్గరికే వెళ్లాలనుకుంటే ఈ అర్జీతో వెళ్లాలి.

"బాకీ కట్టేదాకా పంపం" అని గేటు వేస్తే బీఎన్‌ఎస్‌ఎస్ 100. నిర్బంధంలో ఉన్న మనిషిని వెతికి తెమ్మని కలెక్టరు, ఆర్డీవో, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వారంటు ఇవ్వవచ్చు. బాకీ ఉంటే సివిల్ దావా వేసుకోవాలి, మనిషిని తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

ఇక బీఎన్‌ఎస్ 357. ఒప్పందం ప్రకారం నిస్సహాయుల అవసరాలు చూడాల్సినవాళ్లు కావాలని మానేస్తే 3 నెలలు లేదా 5 వేలు, లేదా రెండూ. అచ్చం ఆశ్రమాల కోసమే రాసినట్టుంటుంది గాని పోలీసులు నేరుగా తీసుకునే సెక్షన్ కాదు, శిక్షా చిన్నది. తోడుగా రాయించండి, దాని మీదే ఆధారపడకండి. 2007 చట్టం సెక్షన్ 24 గాని బీఎన్‌ఎస్ 357 గాని, ఏడాదిలోపు కోర్టు దాకా రాకపోతే కాలదోషం పడుతుంది.

ములుగురోడ్డు
సదరం ఉన్నది, 80 శాతం. చానా కృతజ్ఞతలు. కార్డు సంగతి?

హన్మకొండ_పెన్షనర్
కార్డు బ్లాక్ చేయించడానికి ఆశ్రమం అనుమతి అక్కర్లేదు. ఖాతా ఆమెది. బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఆమె చేతనే ఫోన్ చేయించండి, లేదా బ్రాంచిలో ఆమె వేలిముద్ర పెట్టిన ఉత్తరం ఇవ్వండి, మంచాన ఉన్నారని డాక్టరు చీటీ జతచేసి. తర్వాత ఏడాది స్టేట్‌మెంట్ తీయించండి. ఏ ఏటీఎంలో, ఏ తేదీన, ఎంత తీశారో అందులో ఉంటుంది. మంచం దిగలేని మనిషి పేరుతో హన్మకొండ చౌరస్తా ఏటీఎంలో డబ్బులు తీస్తే ఇంకేం సాక్ష్యం కావాలి? దాన్ని ఫీజు రసీదులతో పోల్చండి. ఫీజుకు మించి తీసింది ఎంతో అదే నమ్మకద్రోహం కేసు, బీఎన్‌ఎస్ 316(2), 5 ఏళ్ల దాకా. ఆసరా పింఛనైనా అంతే. 2,016 రూపాయలే గదా అని వదలొద్దు, పది మందివి అయితే నెలకు 20 వేలు దాటుతుంది.

కన్స్యూమర్_కరీంనగర్
"సంతకం పెట్టారు, బాధ్యత లేదు" అన్న కాయితం గురించి. ఆ సంతకం నేరానికి అడ్డం రాదు, నిర్లక్ష్యానికీ రాదు. డబ్బు తీసుకుని తిండి, నర్సింగ్, మందులు చూస్తామన్నారంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవ. కట్టింది కొడుకైనా, సేవ అందుకునే తల్లి కూడా వినియోగదారే, ఆమె పేరుతోనే కేసు వేయవచ్చు. ఆమె చనిపోతే వారసులు వేయవచ్చు. ఒప్పందంలో "హైదరాబాద్ కోర్టులే" అని రాసుకున్నా సరే, ఆమె నివసించే జిల్లా కమిషన్‌లో వేసే హక్కు చట్టమే ఇచ్చింది.

లెక్క చూడండి. కట్టిన ఫీజు 5 లక్షల లోపు అయితే కమిషన్‌కు కట్టాల్సిన రుసుము సున్నా. 5 నుంచి 10 లక్షలకు 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకు, ఇక్కడ చూసేది మీరు కట్టిన సొమ్ము, అడిగే పరిహారం కాదు. నెలకు 16 వేలు అంటే ఏడాదికి 1 లక్షా 92 వేలు, రెండేళ్లయినా రుసుము లేదు. గడువు 2 ఏళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియోలో హాజరవుతానని అర్జీ పెట్టుకోవచ్చు. అంతకుముందు 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. చట్టంలో తప్పనిసరి అని లేదు గాని, నోటీసుకు జవాబుగా వాళ్లు రాసే అబద్ధాలు తర్వాత మనకే పనికొస్తాయి.

నోటీసులో మర్చిపోకూడనివి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సీసీ కెమెరా రికార్డు, నర్సింగ్ చార్టు, మందుల రిజిస్టరు, డ్యూటీ రిజిస్టరు భద్రపరచాలి. మామూలుగా కెమెరాలో 15 నుంచి 30 రోజుల రికార్డే ఉంటుంది. అడిగినా చెరిపేస్తే దాన్ని వాళ్లకు వ్యతిరేకంగానే చూడమని అడగవచ్చు. మీ ఫోన్లో తీసిన వీడియోలు ఫార్వర్డ్ చేసి అసలుది డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి, వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీకి అది ఇవ్వడం కష్టం.

పూర్తి ఉచితంగా, చందాలతో నడిచే ఆశ్రమమైతే ఈ చట్టం వర్తించదు. అప్పుడు పోలీసు, కలెక్టరేట్ దారులే.

వడ్డేపల్లి_వలంటీర్
ఉచిత ఆశ్రమం ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటుంటే సమాచార హక్కు అర్జీ వేయండి. జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు. ఎంతమంది పేరుతో గ్రాంటు తీసుకున్నారు, చివరి తనిఖీ నివేదిక కాపీ, సిబ్బంది జాబితా, ఈ మూడు అడిగితే చాలు. 40 పేర్లు రాసి 22 మంచాలు ఉన్నాయని తేలితే ఆఫీసే కదులుతుంది. మామూలుగా గడువు 30 రోజులు, మనిషి ప్రాణానికి సంబంధించింది అయితే 48 గంటలు. అర్జీ పైన "ప్రాణానికి సంబంధించినది, సెక్షన్ 7(1)" అని రాసి ఎందుకో ఒక వాక్యం చేర్చండి.

పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ 14567 ఎవరూ రాయలేదేంది? ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, తెలుగులోనే మాట్లాడతారు, వాళ్ల ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి చూస్తారు. వాళ్లకు అరెస్టు అధికారం లేదు గాని, బయటి మనిషి వచ్చి చూసి రాసుకున్న రికార్డు ఉంటుంది. రాత్రి పూట అయితే 112. న్యాయ సహాయం కోసం 15100, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు, లక్షలున్నా సరే.

నర్సంపేట_రైతు
ఇంకో ముచ్చట అడుగుత. మా దిక్కు ఒక ముసలాయన, పిల్లలు లేరు. చనిపోయేదాక చూసుకుంటమని ఆశ్రమం ట్రస్టు పేరు మీద 2 ఎకరాలు గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయించుకున్నరు. ఇప్పుడు అన్నం కూడ సరిగ పెడ్తలేరు. గిఫ్టు కొట్టేయరాదా? సివిల్ కోర్టు అంటే ఆయన బతికి ఉండంగ తేలది.

ఓరుగల్లు_వకీలు
ఇదిగో, ఇక్కడ 2007 చట్టమే సరైన దారి. సెక్షన్ 23 పిల్లలకే అని అందరూ అనుకుంటారు. అది ఎవరికి రాసిచ్చినా వర్తిస్తుంది, ట్రస్టుకు కూడా. కనీస అవసరాలు చూస్తామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే, మోసంతో రాయించుకున్నట్టే భావించి ఆర్డీవో ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు.

గొడవంతా 'షరతు' దగ్గరే. 2022లో సుదేష్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, ప్రేమతో ఇచ్చినంత మాత్రాన షరతు ఉన్నట్టు కాదు, షరతు చూపించాలి అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, పెద్దవాళ్ల రక్షణ కోసం చేసిన చట్టాన్ని ఉదారంగా చూడాలి, ట్రిబ్యునల్ ఆస్తి స్వాధీనం కూడా ఇప్పించవచ్చు అంది. ఆ కేసులో గిఫ్టు రాసిన రోజే విడిగా రాసుకున్న హామీ పత్రం ఉంది. కాబట్టి మీ పెద్దాయన డీడ్ మొదటి పేజీ కాదు, చివరి పేజీల దాకా చదవండి. అందులో లేకపోతే ట్రస్టు ఇచ్చిన అడ్మిషన్ కాయితం, కరపత్రం, వాట్సాప్ మెసేజ్, "జీవితాంతం చూసుకుంటాం" అన్న మాట ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకోండి. కొత్తగా రాసేవాళ్లు ఆ వాక్యాన్ని డీడ్‌లోనే రాయించాలి. "షరతులు లేకుండా, ప్రేమాభిమానములతో" అని లేఖరి అలవాటు కొద్దీ రాస్తాడు, దాన్ని కొట్టించండి.

నర్సంపేటలోనే ఆర్డీవో ఆఫీసు ఉంది. ఆయన స్వయంగా రాలేకపోతే రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ఆయన తరఫున వేయవచ్చు. రద్దు ఉత్తర్వు వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. వ్యవసాయ భూమి కాబట్టి తహసీల్దార్ దగ్గర భూభారతి (భూమి హక్కుల) రికార్డులో పేరు మారేదాకా వెంటపడాలి, లేకపోతే ట్రస్టు దాన్ని ఇంకొకరికి అమ్మేసే వీలు ఉంటుంది. ఇంటి జాగా అయితే సబ్ రిజిస్ట్రార్‌కు ఉత్తర్వు కాపీ ఇచ్చి ఈసీలో (ఆస్తి లావాదేవీల రికార్డులో) ఎక్కించాలి. గిఫ్టు కాకుండా వీలునామా రాసి ఉంటే ఇంత కష్టం లేదు. బతికి ఉండగా ఎప్పుడైనా ఇంకో వీలునామా రాసి పాతది రద్దు చేసుకోవచ్చు, రిజిస్టరైనదైనా సరే.

జమ్మికుంట_సంఘం
ఆర్డీవో దగ్గరికి వకీలు రావచ్చునా?

ఓరుగల్లు_వకీలు
సెక్షన్ 17లో వకీళ్లు హాజరు కాకూడదనే ఉంది. అర్జీ రాసివ్వడానికి అభ్యంతరం లేదు. పెద్దవాళ్లు కోరితే సెక్షన్ 18 కింద మెయింటెనెన్స్ ఆఫీసర్ వాళ్ల తరఫున మాట్లాడాలి. పిల్లల మీద పోషణ కేసయితే నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. నెలకు గరిష్ఠం 10 వేలు. అప్పీలు 60 రోజుల్లో, కలెక్టరు అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు. ఈ చర్చకు పిల్లల సంగతి ఇంతవరకు చాలు.

మడికొండ_పాఠకురాలు
మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను "బయటికి పోతారు" అని గదిలో పెట్టి తాళం వేస్తున్నారు, కొన్నిచోట్ల కాలికి గొలుసు. ఇది రక్షణ కోసమే అంటారు. చట్టం ఏమంటుంది?

కాకతీయ_నర్స్
గేటుకు తాళం వేరు, మనిషికి తాళం వేరు. ఆవరణ మొత్తానికి గేటు వేసి, లోపల తిరగనిచ్చి, ఒక మనిషి కనిపెట్టుకుని ఉంటే అది సంరక్షణ. ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేసి ఆయా పడుకుంటే అది సిబ్బంది ఖర్చు మిగుల్చుకోవడం. మంచం పక్క రెయిళ్లు, కింద పరుపు, తలుపుకు గంట, చేతికి పేరు ఫోన్ నంబరు ఉన్న పట్టీ, ఇవి ఉండగా కట్టేయాల్సిన అవసరం చాలా అరుదు. కట్టేస్తే లేవాలని గింజుకుని కమ్మీల మధ్య మెడ ఇరుక్కునే ప్రమాదం ఉంది, కట్టిన కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాల్లో నడిచే మనిషి నడక పోగొట్టుకుంటుంది.

ఓరుగల్లు_వకీలు
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017. మానసిక జబ్బు ఉన్నవాళ్లను చేర్చుకుని ఉంచే చోటు ఏదైనా, బోర్డు మీద వృద్ధాశ్రమం అని ఉన్నా, సెక్షన్ 65 కింద రిజిస్టర్ కావాలి. సెక్షన్ 95 ప్రకారం గొలుసు ఏ రూపంలోనూ వేయరాదు. 97 కింద ఒంటరి గదిలో బంధించడం నిషేధం. చేతులు పట్టి ఉంచడం, కట్టడం కూడా అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అదీ ఆ సంస్థ సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డులో రాసి. "రోజూ రాత్రి కడతాం" అన్నది ఏ లెక్కలోకీ రాదు. సైకియాట్రిస్టే లేని ఆశ్రమంలో ఆ అనుమతి ఎవరిచ్చారు అని అడిగితే చాలు. సెలైన్లు, ఆక్సిజన్ పెట్టి వైద్యం చేస్తున్నారని తెలిస్తే డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి) కూడా ఒక ఫిర్యాదు.

మడికొండ_పాఠకురాలు
ఫిర్యాదు చేశాక మనిషి అక్కడే ఉంటే ఇంకా కక్ష కడతారు గదా?

వడ్డేపల్లి_వలంటీర్
అందుకే ఫిర్యాదు ఇచ్చే రోజుకు మంచం సిద్ధంగా ఉండాలి. దవాఖానలో చేర్చిన మనిషిని తిరిగి ఆశ్రమానికి పంపకుండా అక్కడి నుంచే వేరే చోటికి మార్చడం అన్నిటికన్నా సులువు. ఆడమనిషి అయితే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేసి సఖి కేంద్రంలో తాత్కాలికంగా 5 రోజుల దాకా ఉంచవచ్చు, కాని పూర్తిగా మంచాన పడ్డవాళ్లను చూసే ఏర్పాటు ఉందో లేదో ముందే అడగండి. బయటికి తెచ్చేటప్పుడు సామాను జాబితా రాసి మేనేజర్ సంతకం తీసుకోండి: ఆధార్, పింఛను బుక్కు, బ్యాంకు పాసుబుక్కు, సదరం, దవాఖాన ఫైలు, మాత్రలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషను, ఒంటి మీది బంగారం. "తర్వాత పంపిస్తాం" అన్నది తిరిగి రాదు. సంతకం పెట్టనంటే జాబితా చదువుతూ వీడియో తీయండి.

నర్సంపేట_రైతు
ఒకవేళ ఆశ్రమంలనే చనిపోతే? పొద్దున ఫోన్ చేసి "గుండె ఆగింది, జల్ది వచ్చి తీస్కపోన్రి" అంటరు.

ఠాణా_పాతకాపు
అనుమానం ఉంటే దహనం ఆపాలె, అంతే. ఒక్కసారి కాలిస్తే కేసు కూడ కాలినట్టే. 100కు ఫోన్ చేసి "అనుమానాస్పద మృతి" అనే మాట వాడున్రి. బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద పంచనామా చేసి శవాన్ని ఎంజీఎం మార్చురీకి పంపుతరు. పంచనామల మీరు చూసినవి రాయించున్రి: పుండ్లు, మణికట్లు, ఒంటి మీది బట్టల తడి, మంచం చుట్టుపక్కల మాత్రలు. మత్తు మందుల అనుమానం ఉంటే పోస్టుమార్టం చేసే డాక్టరును విసెరా (లోపలి అవయవాల నమూనాలు) ఎఫ్‌ఎస్‌ఎల్‌కు, అంటే ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని రాతపూర్వకంగ అడగాలె, అడగకుంటె పంపకపోవచ్చు. నిర్లక్ష్యం వల్ల చనిపోయినట్టు తేలితే బీఎన్‌ఎస్ 106(1), 5 ఏళ్ల దాక.

అదే రోజు ఆశ్రమం రాసిచ్చే మరణ ధ్రువీకరణ మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకున్రి. కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాసి ఉంటే అభ్యంతరం ఉన్నట్టు పక్కన రాసి సంతకం చేయున్రి.

ములుగురోడ్డు
ఇంకొక్కటి. ఆశ్రమం హన్మకొండ అడ్రసే గాని బిల్డింగు రెండు స్టేషన్ల హద్దుల ఉన్నదంటున్నరు. ఏ స్టేషన్‌కు పోయినా "మాది కాదు" అంటే?

ఠాణా_పాతకాపు
ఎంజీఎంకు దగ్గరున్న స్టేషన్‌ల ఇయ్యున్రి. బీఎన్‌ఎస్‌ఎస్ 173(1) ప్రకారం నేరం యాడ జరిగినా ఏ స్టేషనైనా తీసుకోవాలె, జీరో నంబరు వేసి వాళ్లే పంపుకుంటరు. ఆన్‌లైన్ల పంపితే మాత్రం 3 రోజులల్ల పోయి సంతకం పెట్టాలె, లేకుంటె అది ఎఫ్‌ఐఆర్ కాదు.

కాకతీయ_నర్స్
పుండు ఫొటో తీశాక డ్రెస్సింగ్ వెంటనే చేయించండి, సాక్ష్యం కోసం అలాగే ఉంచకండి. ప్రతి డ్రెస్సింగ్ ముందు ఒక ఫొటో తీస్తే సరిపోతుంది.

ములుగురోడ్డు
108కి చేసినం. ఎంజీఎంకు తీస్కపోతున్నరు. ఎమ్మెల్సీ నంబరు వచ్చినంక ఫిర్యాదు డ్రాఫ్ట్ ఇక్కడ పేర్లు తీసేసి పెడ్త, చూసి చెప్పున్రి.